ఉట్టి ఎక్కడుంది? పిల్లలకి అభినయం నేర్పేటప్పుడు నేను పాటించే వరస

మా క్లాసులో 9 ఏళ్ల పాప వెన్నదొంగ కృష్ణుడి ఘట్టం చేస్తోంది, ముద్రలన్నీ కరెక్టు, తాళం ఎక్కడా తప్పలేదు, అరమండి (మోకాళ్లు పక్కలకి విప్పి సగం కూర్చునే భంగిమ) చక్కగా కూర్చుంది, ముఖం నిండా నవ్వు. అయినా చూస్తుంటే ఏమీ కనిపించట్లేదు. పాట ఆపేసి "ఉట్టి ఎక్కడుందమ్మా?" అని అడిగా. చెయ్యి పైకెత్తి ముద్ర చూపించింది. "ముద్ర సరే నాన్నా, ఉట్టి ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, నీకు అందుతుందా?" అంటే నా మొహంలోకి చూసింది, పక్కనున్న పిల్లల వైపు చూసింది, చివరికి మెల్లగా "టీచర్, ఉట్టి అంటే ఏంటి?" అంది.

ఆ పాట మొదలెట్టి అప్పటికి నాలుగు నెలలు. నాలుగు నెలలుగా ఆ పిల్ల ఏంటో తెలియని వస్తువు వైపు చెయ్యి చాపుతూనే ఉంది, నేను వెనకాల కూర్చుని "ఎక్స్‌ప్రెషన్, ఎక్స్‌ప్రెషన్" అని అరుస్తూనే ఉన్నా. తప్పు పూర్తిగా నాదే. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో పిల్లికి అందకుండా పెరుగు కుండ పైన వేలాడదీయాల్సిన పని ఎవరికుంది, అపార్ట్‌మెంట్లో పుట్టి పెరిగిన పిల్ల ఉట్టిని ఎక్కడ చూస్తుంది. ఆ రోజు నుంచి నేను నేర్పే వరసే మార్చేసుకున్నా. కొత్తగా క్లాసులు పెట్టినవాళ్లు, సీనియర్లుగా ఉండి చిన్న బ్యాచ్‌లు చూసుకుంటున్న అమ్మాయిలు అడుగుతుంటారు పిల్లల చేత కథ ఎలా చెప్పించాలండీ అని, వాళ్ల కోసమే ఇది. నాది కూచిపూడి కాబట్టి ఉదాహరణలు అక్కడివే వస్తాయి, భరతనాట్యం నేర్పేవాళ్లకైనా స్కూల్లో నాటకాలు వేయించే టీచర్లకైనా చాలావరకు పనికొస్తాయి.

ముందు వయసు గురించి ఒక మాట. మన దగ్గర మామూలుగా అనేది ఏంటంటే, రెండేళ్లు అడుగులు, తర్వాత జతులు (అడుగులు కలిపి కట్టిన వరసలు), ఆ తర్వాతే అభినయం అని. అడుగుల విషయంలో నేనూ అదే అంటా, అక్కడ తొందరపడితే మోకాళ్లు పాడవుతాయి. కానీ కథని రెండేళ్లు పక్కన పెట్టకండి దయచేసి. 5, 6 ఏళ్ల పిల్లలు ఇంట్లో లక్కపిడతలతో వంటలాట ఆడుకుంటూ లేని పొయ్యి మీద లేని అన్నం వండి, లేని అన్నం మనకి వడ్డించి, "కాలుద్ది, ఊదుకుని తిను" అంటారు. అభినయం అంటే అదే కదా. రెండేళ్లు వాళ్లని తిన్నగా నిలబెట్టి అడుగులు మాత్రమే వేయించి, ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే "ఇప్పుడు భావం పెట్టు" అంటే ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే నేను మొదటి వారం నుంచే గంట క్లాసులో చివరి 15 నిమిషాలు కథకి ఉంచుతా. ఆ 15 నిమిషాల్లో ముద్రలుండవు, పాట ఉండదు, అద్దం అసలే ఉండదు, హాల్లో అద్దం ఉంటే దాని మీద దుప్పటి కప్పేస్తా, లేకపోతే ప్రతి పిల్లా తన మొహాన్నే చూసుకుంటూ ఉంటుంది.

మొదట అసలు వస్తువు తెచ్చి చేతికివ్వండి. ఉట్టి సంగతే తీసుకుంటే, నేను తాడు కొని అల్లించి, చిన్న మట్టికుండ పెట్టి, స్లాబ్ కొక్కేనికి కట్టా (ఫ్యాన్‌కి కట్టకండి, కొక్కెం లేకపోతే కిటికీ పై ఊచకి కట్టుకోవచ్చు). ఎత్తు ఎంతంటే, క్లాసులో అందరికన్నా పొట్టి పిల్లకి మునివేళ్ల మీద లేచినా ఒక జానెడు అందకూడదు. ఇక వాళ్లనే అందుకోమనండి, మిగతావాళ్లు కూర్చుని చూడాలి. ఏం జరుగుతుందో గమనించండి, ముందు ఎవరూ చెయ్యి ఎత్తరు. ముందు చూస్తారు. తర్వాత ఒక అడుగు దగ్గరికొచ్చి మళ్లీ చూస్తారు, ఈసారి గడ్డం పైకి లేస్తుంది. మునివేళ్ల మీద లేస్తే ఖాళీ చెయ్యి దానంతటదే పక్కకి పోయి గోడనో గాలినో పట్టుకుంటుంది, నోరు కొంచెం తెరుచుకుంటుంది, అందనప్పుడు మడమలు ఠప్పున కింద పడతాయి. ఇవన్నీ కూర్చున్న పిల్లల చేత చెప్పించండి, "ఏం చేశాడు వాడు? ముందు ఏం చేశాడు?" అని. వాళ్లే పట్టుకుంటారు. అప్పుడు ఉట్టి తీసేసి మళ్లీ చెయ్యమనండి. కళ్లు ఇందాక ఉట్టి ఉన్న చోటికే పోవాలి, అటూ ఇటూ జరిగితే కూర్చున్న పిల్లలే "టీచర్ ఉట్టి కదిలిపోయింది" అని అరుస్తారు.

అలాగే బిందె. స్టీలు బిందెలో సగానికి నీళ్లు పోసి చంకన ఎత్తుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించండి. ఎత్తేటప్పుడు ఊపిరి ఒక్క క్షణం బిగబడుతుంది, నడుము బిందె ఉన్న వైపుకి ఉబ్బి పైభాగం అవతలి వైపుకి ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి కొంచెం దూరంగా లేస్తుంది, నడక వేగం సగానికి పడిపోతుంది. తర్వాత బిందె లేకుండా అదే నడక. ఎవరు నిజంగా మోస్తున్నారో ఎవరు గాలి పట్టుకున్నారో మూడు సెకన్లలో తెలిసిపోతుంది, ఎందుకంటే బరువు లేనివాళ్లు గబుక్కున ఎత్తేస్తారు. కిందకి దించేటప్పుడు కూడా చూడండి, చాలామంది పిల్లలు బిందెని దించరు, ముద్ర విప్పేస్తారంతే. అప్పటిదాకా మోసిన నీళ్లు ఏమైపోయినట్టు? నేను అక్కడ ఆపి "నీళ్లన్నీ పారబోశావు, తుడువు" అంటా, నిజంగానే వంగి తుడుస్తారు, ఆ తుడవడం కూడా అభినయమే.

ఇదంతా ఒక రెండు మూడు నెలలు అయ్యాకే హస్తాలు, అంటే చేతి ముద్రలు. అసంయుత హస్తాలు, అంటే ఒంటి చేత్తో పట్టే 28 ముద్రల శ్లోకం నేర్పించండి, కంఠస్థం అవసరమే, నేనేమీ కాదనను. కానీ వినియోగాల (ఏ ముద్ర దేనికి వాడతామో చెప్పే శ్లోకాల) దగ్గర ఒక పని చెయ్యండి. పతాకానికి (వేళ్లు కలిపి చాపి బొటనవేలు ముడిచిన చెయ్యి) "నాట్యారంభే వారివాహే వనే" అని గడగడా అప్పజెప్పేస్తారు కదా, అందులో మబ్బు ఉంది, అడవి ఉంది, తర్వాత పాదంలో నది కూడా వస్తుంది. చెయ్యి ఒకటే. ఒకే చెయ్యి మబ్బెలా అవుతుంది, అడవెలా అవుతుంది, నదెలా అవుతుంది? ఒక పిల్లని బయటికి తీసుకెళ్లి చెవిలో మూడిట్లో ఒకటి చెప్పి పంపండి, పతాకం తప్ప ఇంకో ముద్ర వాడకూడదు, మిగతావాళ్లు ఏంటో చెప్పాలి. మొదటి వారం అందరూ తప్పులే చెప్తారు. మబ్బంటే కళ్లు పైకెళ్లి అక్కడే నిలవాలి, చేతులు నెమ్మదిగా సాగాలి, మెడ వెనక్కి వాలాలి. అడవంటే చూపు లోపలికి, లోతుకి పోవాలి, ఒక చెట్టు దాటి ఇంకో చెట్టు, అడుగు చూసుకుని వెయ్యాలి. నది ఎక్కడో దూరంగా మొదలై దగ్గరికొచ్చి పక్కనుంచి పోవాలి, ఒళ్లు కూడా దానితో పాటు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారాలి. మా బ్యాచ్‌లో 10 ఏళ్ల బాబు ఒకడున్నాడు, ముద్రలు అంత శుభ్రంగా రావు వాడికి, ఆ రోజు నది చేసి, చేసిన తర్వాత ఎవరూ చెప్పకుండానే పైజామా అంచు కొంచెం పైకి పట్టుకుని కాలి బొటనవేలు ముందుకి పెట్టి టక్కున వెనక్కి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి నీళ్లు. హాల్లో ఉన్న 14 మంది ఒకేసారి "నది!" అన్నారు.

అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో మనందరం పిల్లల చేత చెప్పించే శ్లోకం ఒకటుంది, యతో హస్తస్తతో దృష్టిః, యతో దృష్టిస్తతో మనః అని, చెయ్యి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ, మనసు ఉన్నచోట భావం, భావం ఉన్నచోట రసం. ఇది పిల్లలకి అక్షరాలా అర్థమైపోతే ఒక చిక్కొస్తుంది. వాళ్లు తమ వేళ్లనే చూడ్డం మొదలెడతారు. చంద్రకళ ముద్ర పట్టి చందమామని చూపించమంటే చూపు బొటనవేలి దగ్గరే ఆగిపోతుంది, ఆకాశం దాకా పోదు. నేనేం చెప్తానంటే, వస్తువు చేతిలో ఉంటే (పువ్వు, వెన్నముద్ర, ఉత్తరం) చూపు చేతి మీదే ఆగాలి, వస్తువు దూరంగా ఉంటే చెయ్యి దారి చూపించేదే, చూపు వేళ్లు దాటి ముందుకెళ్లిపోవాలి. మనసు ఎక్కడికెళ్లాలో శ్లోకమే చెప్తోంది కదా, చందమామ దగ్గరికెళ్లాలి మనసు, వేలి దగ్గరికి కాదు. ఇంకోటి, చిన్నపిల్లల్లో నేను చూపుని చెయ్యి కన్నా ఒక రెప్పపాటు ముందు పంపిస్తా. ఉట్టి దగ్గర చూశాం కదా, నిజంగా అందుకునేటప్పుడు కళ్లే ముందెళ్తాయి. చెయ్యి, చూపు ఒకే క్షణంలో కదిలితే డ్రిల్లులా ఉంటుంది, చూపు ముందెళ్తే ఆ పిల్ల అక్కడేదో చూసిందని మనకి నమ్మకం కుదురుతుంది.

ఇక అసలు కష్టం, ఒక్క పిల్లే ఇద్దరు ముగ్గురు పాత్రలు చెయ్యడం. ఒకప్పుడు కూచిపూడి భాగవతుల మేళాల్లో (నాటక బృందాల్లో) చాలావరకు ఒక్కో పాత్రకి ఒక్కో నటుడు ఉండేవాడు, సత్యభామ సత్యభామే, కృష్ణుడు కృష్ణుడే. ఏకపాత్రగా చేసే నృత్యం పెరిగింది 20వ శతాబ్దంలోనే, 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఎంతోమంది అమ్మాయిలు ఆ దారిలో వచ్చారు. అలా ఒక్కళ్లే యశోద, ఒక్కళ్లే కృష్ణుడు అయ్యేసరికి పాత్ర మారింది అని చూసేవాళ్లకి తెలియాలంటే ఎత్తు, దిక్కు అనే రెండూ పక్కాగా ఉండాలి.

మన్ను తిన్న కృష్ణుడి కథ తీసుకోండి. యశోద ఎడమ మూల వైపు కిందకి చూస్తుంది అనుకుందాం, అంటే కృష్ణుడు ఆ ఎడమ వైపు నిలబడి ఉన్నాడు, కాబట్టి కృష్ణుడు అయినప్పుడు కుడి మూలకి పైకి చూడాలి. చెప్పడానికి ఇంతే, కానీ పదిమందిలో ఆరుగురు రెండు పాత్రలకీ ఎడమ వైపే చూస్తారు, అప్పుడు తల్లీ కొడుకూ ఇద్దరూ కలిసి మూడోవాళ్లతో మాట్లాడుతున్నట్టుంటుంది. దీనికి నేను చేసేది, ఎవరిదైనా 4 ఏళ్ల తమ్ముడో చెల్లో క్లాసు బయట కూర్చుని ఉంటారు కదా, వాళ్లని పిలిచి నిలబెడతా. "యశోదా, నీ కొడుకు వీడు, అడుగు వీణ్ని మన్ను తిన్నావా అని." అంతే, చూపు సరిగ్గా ఆ ఎత్తుకి దిగిపోతుంది, నడుము కూడా కొంచెం వంగుతుంది. తర్వాత ఆ చిన్నవాడిని పెద్ద పిల్ల మొహంలోకి చూడమని, మిగతావాళ్లందరికీ వాడి మెడ ఎంత పైకి లేచిందో చూపిస్తా. కృష్ణుణ్ని చెయ్యమంటే పిల్లలు భుజాలు ముడుచుకుని మూతి సున్నా చుట్టి పాపాయిలా చేస్తారు, అది చేయించకండి, ముద్దుగా ఉంటుంది కానీ అబద్ధం. పైకి చూపు, ఒక కాలి మీద బరువు, మన్నున్న గుప్పిట వీపు వెనక, ఈ మూడు చాలు.

యశోద నోట్లోకి చూసే చోటు ఈ కథకి గుండెకాయ. ప్రతి పిల్లా అక్కడ వెంటనే కళ్లు పెద్దవి చేసేస్తుంది, ఎందుకంటే లోపల బ్రహ్మాండం ఉందని తనకి ముందే తెలుసు. యశోదకి తెలియదు కదా! ఆవిడ మన్ను కోసం వెతుకుతోంది. నేను పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఫోన్ టార్చి ఇచ్చి ఒకళ్ల నోట్లోకి ఒకళ్లని చూడమన్నా, పుచ్చిపన్ను ఉందేమో వెతకండి అని. కనుబొమలు దగ్గరికొచ్చాయి, తల అటూ ఇటూ వంగింది, ఒకమ్మాయి అవతలి పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆ గడ్డం పట్టుకుని తిప్పడం మా డ్యాన్సులోకి వచ్చేసింది, ఇప్పటికీ ఉంది. ఆది తాళం ఒక ఆవర్తనంలో (తాళం ఒక చుట్టులో) 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు, అందులో మొదటి 4 వెతకడానికి, 5, 6 దగ్గర ఏదో చిన్నది కనిపించి ఆగిపోవడానికి, 7, 8 దగ్గర ఒళ్లంతా వెనక్కి రావడానికి. కొండలు, సముద్రాలు, చుక్కలు అన్నీ తర్వాతి ఆవర్తనాల్లో. ఈ మొదటి 4 అక్షరాల్లో ఏమీ జరగకుండా వెతకడం ఉంది చూశారూ, దాని వల్లే తర్వాత వచ్చే ఆశ్చర్యం నిలబడుతుంది.

నడక గురించి చెప్పాలి, కూచిపూడి వాళ్లకి ఇందులో పెద్ద ఆస్తి ఉంది, పాత్ర ప్రవేశం. ప్రతి ముఖ్యపాత్రా వస్తూనే ప్రవేశ దరువు అనే పాటతో తానెవరో చెప్పుకుంటుంది. భామాకలాపం అనే కూచిపూడి నాటకంలో సత్యభామ తెర వెనకుండగానే జడ తెర మీదకి వేస్తుంది, మనిషి ఇంకా కనపడకముందే గర్వం కనపడిపోతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జీవితమంతా స్త్రీ వేషాలు కట్టి, ముఖ్యంగా సత్యభామగా, అంత పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి, మగవాళ్లు చూపించగలిగిన ఆడనడక ఎంతదాకా వెళ్లగలదో అబ్బాయిలకి చెప్పేటప్పుడు నేను ఆయన పేరే చెప్తా. అబ్బాయిలు మా క్లాసుకి తక్కువే వస్తారు, వచ్చినవాళ్లు స్కూల్లో వెక్కిరిస్తున్నారని మానేస్తారు, కూచిపూడి అనేదే మగవాళ్లు కాపాడుకొచ్చిన కళ అని ఆ పిల్లలకి తెలియాలి.

చిన్నపిల్లలకి సత్యభామ ఇవ్వను. నడక ఆట ఆడిస్తా. 8 అక్షరాలు నడిచి రావాలి, ఆగాలి, ఎవరో మేం చెప్పాలి: కాలికి ముల్లు గుచ్చుకున్నవాడు, పరీక్ష పేపర్ దాచుకుని ఇంటికొస్తున్నవాడు, గుళ్లో కొబ్బరిచిప్ప దొరికినవాడు, పెళ్లిలో కొత్త పట్టులంగా వేసుకున్నది. ముందు వాళ్లకి తెలిసినవాళ్లు, తర్వాత రాజు, ముని, రాక్షసుడు. రాక్షసుడంటే అందరూ చేతులు చాపి దబదబా నడుస్తారు, "వాడికి ఆకలేస్తోందా, కోపమొచ్చిందా, విసుగ్గా ఉందా?" అని అడిగితే నడక అప్పటికప్పుడు మారిపోతుంది.

వాచికం, అంటే మాటతో చేసే అభినయం, కూడా మనకి ఉంది, అభినయం నాలుగు రకాల్లో వాచికాన్ని పాత్రలే నోటితో పలికే అలవాటు మన కూచిపూడిలో గట్టిగా ఉంది, దాన్ని నేర్పడానికి వాడుకోండి. పాటలో ప్రతి లైనుకీ పిల్ల తన సొంత మాటల్లో ఒక డైలాగ్ తయారు చేసుకోవాలి, ముందు పైకి గట్టిగా అంటూ చెయ్యాలి, తర్వాత గొణుగుతూ, చివరికి మనసులో. "అమ్మా నేను తినలేదు, వాళ్లు అబద్ధం చెప్తున్నారు" అని పైకి అన్నప్పుడు తల ఎలా ఊగిందో, మాట తీసేశాక కూడా అలాగే ఊగుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఆన్‌లైన్‌లో నేర్పేటప్పుడు ఇది ఇంకా అవసరం, వాళ్లకి పాటలో సగం మాటలు తెలియవు, డైలాగ్ ఇంగ్లీషులో చెప్పుకున్నా నాకేం ఇబ్బంది లేదు, ఏం అంటున్నారో వాళ్లకి తెలియడం ముఖ్యం. ఆన్‌లైన్ పిల్లలతో ఇంకో సమస్య, యశోదైనా కృష్ణుడైనా రాక్షసుడైనా చూపు స్క్రీన్‌కే అతుక్కుని ఉంటుంది. కెమెరాని పక్కకి పెట్టించండి, గోడ మీద రెండు ఎత్తుల్లో రెండు స్టిక్కర్లు అంటించమనండి, ఒకటి యశోదకి, ఒకటి కృష్ణుడికి.

సంచారి (ఒకే లైను మీద కథ పెంచుకుంటూ పోయే అభినయం) పిల్లల చేతే కట్టించండి, ఇది చాలామంది టీచర్లు ఒప్పుకోరు నాకు తెలుసు. ఒకే లైను నాలుగైదుసార్లు పాడతారు కదా, మొదటిసారి అర్థం చూపిస్తాం, ఆ తర్వాత ప్రతిసారీ కథ ఒక అడుగు ముందుకెళ్లాలి. భాగవతంలో గోపికలు యశోద దగ్గరికొచ్చి చెప్పుకునే ఫిర్యాదుల్లో ఎంత సరుకుందో చూడండి, పీటలూ రోళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కుతాడట, అయినా అందకపోతే కుండకి చిల్లు పెడతాడట, తిన్నది తిని మిగిలింది కోతులకి పెడతాడట. ఇవి చెప్పి, "ఇందులో మీకు నచ్చింది తీసుకుని నాలుగుసార్లకి సరిపడా చేసుకు రండి" అని ఇంటికి పంపిస్తా. మొదట్లో చెప్పిన ఆ 9 ఏళ్ల పాప తర్వాత ఏం చేసుకొచ్చిందో తెలుసా, చిల్లు పెట్టింది, కింద దోసిలి పట్టింది, తాగింది, ఇంక చాలనిపించింది, కానీ పైనుంచి ఇంకా కారుతూనే ఉంది, ఏం చెయ్యాలో తెలియక వేలు పెట్టి చిల్లు మూసి, ఆ వేలు తియ్యడానికి లేక అలాగే నిలబడిపోయి గుమ్మం వైపు చూసింది, అమ్మ వస్తుందేమోనని. నేను 20 ఏళ్లు ఆలోచించినా నాకు ఆ వేలు తట్టేది కాదు. ఉట్టి అంటే ఏంటి అని అడిగిన పిల్లండీ.

11, 12 ఏళ్లు వచ్చినవాళ్లకి ఒక గట్టి పాఠం, లేనిదాన్ని చూపించడం. పోతన గారి గజేంద్రమోక్షంలో "సిరికిం జెప్పడు" పద్యం తెలుగువాళ్లందరికీ నోటికొచ్చిందే, అందులో విష్ణుమూర్తి ఏమేం చెయ్యలేదో వరసగా ఉంటుంది, లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ని సిద్ధం చెయ్యలేదు, చెవుల దాకా జారిన జుట్టు సర్దుకోలేదు. పిల్లలు ఏం చేస్తారంటే శంఖం ముద్ర పట్టి, చెయ్యి అడ్డంగా ఊపుతారు "లేదు" అని, చక్రం పట్టి మళ్లీ ఊపుతారు. చూసేవాళ్లకి శంఖం వద్దన్నాడు, చక్రం వద్దన్నాడు అన్నట్టుంటుంది, ఆ పద్యంలో ఉన్న కంగారంతా చచ్చిపోతుంది. చెయ్యాల్సింది ఏంటంటే, చెయ్యి శంఖం వైపు వెళ్లబోతుంది, సగం దారిలో ఏనుగు కేక చెవిన పడుతుంది, చెయ్యి అక్కడే గాల్లో ఉండిపోయి కాళ్లు బయల్దేరిపోతాయి. తల తిప్పి లక్ష్మికి చెప్పబోతాడు, నోరు తెరవకముందే మళ్లీ కేక. ప్రతిదీ మొదలవుతుంది, ఏదీ పూర్తవదు. దీనికి రిహార్సల్ ఎలాగంటే, పిల్లని జడ వేసుకోమని కూర్చోబెట్టి మధ్యలో "అమ్మ పడిపోయింది!" అని ఇంకో పిల్ల చేత అరిపించా ఒకసారి, చెప్పే చేయించాను, అయినా పాప జడ పాయలు చేతిలో పట్టుకునే లేచి పరిగెత్తింది. లక్ష్మీదేవి చెంగు విష్ణుమూర్తి చేతిలోనే ఉండిపోయింది అని పద్యంలో ఎందుకున్నదో ఆ రోజు అందరికీ అర్థమైంది.

నవరసాలు మొహాల్లా నేర్పకండి. "శృంగారం అంటే ఇలా, భయానకం అంటే ఇలా" అని తొమ్మిది మొహాలు వరసగా పెట్టించి ఫోటోలు తీస్తుంటే నాకు బాధగా ఉంటుంది. భయం కావాలంటే చీకట్లో తెరిచి ఉన్న తలుపు ఇవ్వండి, మొహం దాని పని అది చేసుకుంటుంది. అలాగే 10 ఏళ్ల పిల్లల చేత విరహంతో ఉన్న నాయిక పదాలు, జావళీలు (పెద్దవాళ్ల ప్రేమ పాటలు) చేయించకండి. ముద్రలు పట్టేస్తారు, పెద్దవాళ్లు చప్పట్లు కూడా కొడతారు, కానీ ఆ పిల్లకి తెలియని సంగతిని అనుకరించడం అలవాటైపోతుంది, తర్వాత తెలిసిన సంగతిని కూడా అనుకరించే చేస్తుంది. ఆ అలవాటు మాన్పించడానికి నాకు కొంతమందిలో మూడేళ్లు పట్టింది. ఆకలి, దొంగతనం, దెబ్బలు, అలక, భయం, స్నేహం, తప్పిపోవడం, దొరకడం, వాళ్లకి తెలిసినవి ఎన్ని లేవు.

స్టేజీ దగ్గర రెండు మూడు విషయాలు. డ్రెస్సు, జడ, గజ్జెలతో కనీసం రెండు రిహార్సల్స్ ఉండాలి, తలసామాను బరువుకి మెడ పైకెత్తడమే మానేస్తారు పిల్లలు, మీరు నేర్పిన ఉట్టి చూపు కాస్తా పోతుంది. లైట్లు కళ్లలో పడితే జనం కనపడరు, అందుకే చూపు నిలిపే చోట్లు హాల్లో వస్తువుల్ని బట్టి ముందే చూపించండి, బాల్కనీ అంచు కృష్ణుడికి, ముందు వరస కుర్చీల కాళ్లు యశోదకి, అలాగ. ప్రోగ్రాం పెట్టేవాళ్లు టైం తక్కువుంది అంటే వినడానికి సిద్ధంగా ఉండండి కానీ పాటని మధ్యలో కోయనివ్వకండి. ఒకసారి ఒక పెద్ద ఫంక్షన్‌లో 7 నిమిషాల పాటని మాకు చెప్పకుండా 3 నిమిషాలకి కట్ చేసి వేశారు, యశోద నోట్లోకి వంగి చూస్తోంది, పాట అయిపోయింది. ఆ పాప వంగినది వంగినట్టే ఉండిపోయింది. స్టేజీ దిగాక "టీచర్, నేను ఇంకా చూడలేదు" అని ఏడ్చింది. అప్పట్నుంచి 3 నిమిషాల కథ ఒకటి వేరేగా తయారు చేసి ఉంచుతున్నా, టైం లేదంటే అదే వేయిస్తా.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట చెప్పండి, ఇంట్లో వీడియో పెట్టి "నవ్వు, ఇంకా నవ్వు" అని ప్రాక్టీస్ చేయించొద్దని. చేయించాలనుకుంటే అమ్మమ్మని అడిగి కవ్వంతో మజ్జిగ ఎలా చిలికేవారో, రోట్లో పచ్చడి ఎలా నూరేవారో ఒకసారి చూపించమనండి, అదే హోంవర్క్. ఇంక మీరు ఈ వారం బిందెతో మొదలుపెడతాను అనుకుంటే సగం కన్నా ఎక్కువ నీళ్లు పొయ్యకండి, కింద పాత దుప్పటి పరుచుకోండి, గచ్చు మీద నీళ్లు పడితే పిల్లలు జారతారు, గజ్జెలు మాత్రం ఆ రోజు కట్టించకండి.